మా వాడా, బేకరీ వాళ్ళబ్బాయా

మంచు మీద ఆడే హాకీలో నాకు మొదటి ఏడాదంతా బంతికి బదులు వాడే ఆ నల్ల బిళ్ళ కనిపించలేదు. హాల్లో అందరూ ఒక్కసారి లేచి అరిచేవారు, వాళ్ళతో పాటు నేనూ లేచేవాణ్ణి. ఎందుకు లేచామని పక్కనున్న మా అమ్మాయిని అడిగితే "గోలు నాన్నా" అనేది. ఎవరు వేశారని అడిగేలోపు ఆట మళ్ళీ మొదలైపోయేది. ఆ రోజుల డైరీలు ఇప్పుడు తీసి చూస్తే, హాల్లో చలి ఎంత ఉంది, కాఫీ ఎలా ఉంది, వెళ్ళేటప్పుడు ఏ రైలు ఎక్కాం, వచ్చేటప్పుడు ఏది తప్పిపోయింది, ఇవే ఉంటాయి. ఆట గురించి ఒకే ముక్క: "మనవాళ్ళు గెలిచారట."

నేను పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాక జర్మనీలో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాసే అలవాటు. ఒంగోలు, అద్దంకి, చీరాల చుట్టుపక్కల జరిగే పశు ప్రదర్శనలకు చాలాకాలం న్యాయనిర్ణేతగా వెళ్ళాను. పశువుకు పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టరు కాబట్టి నోరు తెరిచి పళ్ళు చూస్తాం. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఇంకొకటి, నాలుగు పళ్ళవి మరొకటి. పాలపళ్ళ కోడెను తెచ్చి నాలుగు పళ్ళ గిత్త పక్కన నిలబెట్టి, ఈ రెండిట్లో ఏది గొప్పదో చెప్పమని ఎవరైనా అడిగితే నవ్విపోతారు. బరిలో ఏడెనిమిదింటిని నిలబెడితే చుట్టూ తిరిగి, నడిపించి చూసి, వరస పెట్టేసేవాణ్ణి. ఆ వరస ఎందుకలా పెట్టానో మైకులో అందరికీ వినపడేట్టు చెప్పాలి, అది అక్కడి పద్ధతి. ఓడిన రైతు గొణుక్కునేవాడు. నాకు మాత్రం రాత్రి పడుకోబోయే ముందు సందేహం రావడమన్నది ఉండేది కాదు.

అలాంటివాడికి ఇద్దరు కుర్రాళ్ళ మధ్య వరస పెట్టడం చేతకాలేదు. పోయిన ఏడాదంతా ఆ అయోమయంలోనే గడిచింది.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ రైల్లో వెళ్తే దాదాపు చివరికి వచ్చే చిన్న ఊరు. అల్లుడు కారు విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. వాళ్ళకు ఒక్కడే కొడుకు. వాడు ఇక్కడే పుట్టాడు. వాడు కీటాలో, అంటే బడికి ముందు చంటిపిల్లల్ని ఉంచే చోట, చేరిన రోజునే పక్కన కూర్చున్నవాడు మా వీధి చివర బేకరీ వాళ్ళబ్బాయి. ఆ బేకరీ ఆయన కుర్రతనంలో హాకీ ఆడాడు. కొడుకుని మంచు హాలుకి తీసుకెళ్తూ, ఒక్కణ్ణే ఎందుకని మా వాణ్ణి కూడా కారెక్కించుకున్నాడు. అప్పటి నుంచి ఇద్దరూ ఒకే జట్టులో ఉన్నారు. జట్టులో కూడా ఒకే వరసలో ఆడతారు, మా వాడు మధ్యలో, వాడు పక్కన.

సముద్రం అవతల ఉన్న పెద్ద లీగులోని క్లబ్బులు ప్రతి వేసవిలో ప్రపంచం మొత్తం మీద కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పోయిన ఏడాది మా ఇద్దరూ ఆ వయసుకొచ్చారు. అదేమిటో మా అల్లుడు, ఆయనది కరీంనగర్, నాకు ఒక ఆదివారం చెప్పాడు.

"పెండ్లి కాదు మామయ్యా, నిశ్చితార్థమసొంటిది. వాళ్ళు పేరు రాసుకుంటరు, వీడు ఈడనే ఆడుతడు. ఎప్పుడు పిలుస్తరో, అసలు పిలుస్తరో లేదో, వాళ్ళ ఇష్టం."

"మరి ఎందుకురా ఇంత హడావుడి?" అని మనవణ్ణి అడిగాను.

"పేరు పిలుస్తారు తాతా," అన్నాడు వాడు. వాడికి అంతకంటే చెప్పాల్సింది ఏమీ లేనట్టుంది. ఆ పేరు పిలవడం కోసమే వాడు చిన్నప్పటి నుంచి చీకటితో లేచి మంచు మీదికి పోతున్నాడని ఆ మాట అన్న తీరులో నాకు తెలిసింది.

అర్హతకు సెప్టెంబరు నడిమిలో ఒక గీత ఉంది. ఆ గీతకు ఇవతల పద్దెనిమిది నిండితే ఈ ఏడాది, లేకపోతే వచ్చే ఏడాది. మా వాడు ఆగస్టు చివర పుట్టాడు. బేకరీ వాళ్ళబ్బాయి అంతకుముందు ఏడాది అక్టోబరులో పుట్టాడు. ఇద్దరూ గీతకు ఇవతలే. అంటే దాదాపు ఏడాది పెద్దవాణ్ణీ, మా వాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి చూస్తారన్నమాట. మా లెక్కలో వాడు రెండు పళ్ళు, వీడు ఇంకా పాలపళ్ళు. ఇది న్యాయం కాదని అల్లుడితో అన్నాను. రూలు గంతే అన్నాడు.

ఇంటర్నెట్‌లో ఈ కుర్రాళ్ళకు వరసలు పెట్టేవాళ్ళు లెక్కలేనంత మంది. ఒక జాబితాలో బేకరీ వాళ్ళబ్బాయి పైన, మా వాడు బాగా కింద. ఇంకో దాంట్లో మా వాడు పైన. మూడోదాంట్లో ఇద్దరూ లేరు. కారణాలేమైనా రాశారేమో చదివి చెప్పమన్నాను. ఒకాయన మా వాడికి వేగం చాలదన్నాడు. ఇంకొకాయన వేగమే వాడి బలమన్నాడు. ఇద్దరూ ఒకే కుర్రాణ్ణి చూశారా అని నాకు అనుమానం. అల్లుడు అన్ని జాబితాలూ కంప్యూటర్లో ఒక పట్టికలోకి ఎక్కించి సగటు తీశాడు. సగటులో ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు. "ఇగ తేలింది" అన్నాడు. ఏం తేలిందో నాకు అర్థం కాలేదు, అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

నా పద్ధతిలో నేనే చూద్దామనుకున్నాను. ఆట మూడు భాగాలు. మొదటి భాగమంతా మా వాడొక్కణ్ణే చూడటం, రెండో భాగంలో బేకరీ వాళ్ళబ్బాయిని, మూడోదాంట్లో ఇద్దర్నీ. బిళ్ళ సంగతి వదిలేశాను. అది ఎలాగూ కనిపించదు. పశువు బండ లాగుతున్నప్పుడు అందరూ చూస్తారు, లాగక ముందూ లాగిన తర్వాతా ఎలా నిలబడిందో చూడాలని మా పెద్ద డాక్టరు గారు చెప్పేవారు. ఒక్కొక్కరూ నిమిషం కూడా ఆడరు, బల్ల మీదికి వచ్చేస్తారు, ఇంకొకరు దిగుతారు. ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు కూడా చూశాను.

బేకరీ వాళ్ళబ్బాయిది వెడల్పాటి ఛాతీ. మంచు చుట్టూ ఉండే గోడ దగ్గర ఎవరి మీదైనా భుజం ఆనించాడంటే అవతలివాడు జారిపోవలసిందే. మూపురమెత్తి నిలబడ్డ గిత్తలా ఉంటాడు. మా వాడు సన్నం. కింద పడతాడు, లేస్తాడు, ఎక్కడో ఖాళీ చూసి బిళ్ళ అటు తోస్తాడు, అక్కడ బేకరీ వాళ్ళబ్బాయి ఉంటాడు. గోలు వాడి పేరున రాస్తారు. ఒక శనివారం ఇంటికొచ్చి డైరీలో "బేకరీ అబ్బాయి ముందు" అని రాసేవాణ్ణి. తర్వాతి ఆదివారం "మా వాడు ముందు" అని రాసేవాణ్ణి. వారం తిరిగేసరికి మనిషి ఎలా మారతాడు? మారింది వాళ్ళా, నేనా? మనవడు కాబట్టి ఎక్కువ వేస్తున్నానేమోనని ఒకసారి తగ్గించి చూశాను. మనవడు కాబట్టే తగ్గిస్తున్నానేమోనని మళ్ళీ పెంచాను. మా తోడల్లుడి ఎడ్లు పోటీకి వస్తే నేను న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదు, ఇంకెవరినైనా కూర్చోబెట్టమనేవాణ్ణి. ఇక్కడ లేచి పోవడానికి కుర్చీ కూడా లేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం, ఆ పెద్ద లీగు క్లబ్బుల్లో ఒకదాని తరఫున స్కౌట్ మా ఇంటికొచ్చాడు. కుర్రాళ్ళను వెతికి చూసి రాసి పంపడం ఆయన పని. పొడుగాటి జర్మన్ మనిషి. తనూ ఆడినవాడే, ఒక మోకాలు సరిగా వంగదు. పొద్దున బేకరీ వాళ్ళింట్లో కూర్చుని, తర్వాత మా ఇంటికి వచ్చాడు. ఆట మంచు మీద చూస్తారట, కుర్రాణ్ణి ఇంట్లో చూస్తారట. ఆ పద్ధతి నాకు నచ్చింది. మేమూ కొట్టం చూడందే గిత్త గురించి మాట్లాడేవాళ్ళం కాదు.

అమ్మాయి పునుగులు వేసింది, పచ్చడిలో కారం తగ్గించింది. ఆయన సుబ్బరంగా తిన్నాడు. మాటలన్నీ జర్మన్‌లో. మనవడు నా పక్కన కూర్చుని చిన్నగా తెలుగులో చెబుతూ వచ్చాడు. నిద్ర గురించి అడిగాడు, చదువు గురించి అడిగాడు, తర్వాత తల్లిని చూసి, ఇంట్లో ఎలాంటివాడని అడిగాడు.

మా అమ్మాయి నవ్వి మొదలుపెట్టింది. లేపితే తప్ప లేవడు. వాడి గది చూస్తే సంత గుర్తొస్తుంది. ఏ మాటా రెండోసారి చెబితే గాని వినడు. ఆ బేకరీ వాళ్ళబ్బాయి అలా కాదు, తెల్లవారక ముందే లేచి వాళ్ళ నాన్నకు సాయం చేసి మరీ ప్రాక్టీసుకు పోతాడు, వాణ్ణి చూసి మా వాడు నేర్చుకోవాలి. మనవడు నాకు ఇవన్నీ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. మిగతాది నాకు అమ్మాయి ముఖంలోనే తెలిసింది.

నాకు ముచ్చటేసింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు కన్నబిడ్డను పొగుడుకోకూడదు. దిష్టి సంగతి ఒకటి, మర్యాద సంగతి ఒకటి. మనం తగ్గించి చెబుతాం, అవతలివాళ్ళు "అయ్యో, అలా అంటారేంటి, బంగారంలాంటి పిల్లాడు" అంటారు. ఆ మాట వాళ్ళ నోట రావాలి. ఇన్నేళ్ళు పరాయి దేశంలో ఉండి కూడా అమ్మాయి పద్ధతి మరచిపోలేదనుకుని, ఆయన నోటి నుంచి ఆ మాట ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. ఆయన అనలేదు. తలాడించి రాసుకున్నాడు.

అమ్మాయి టీ తేవడానికి లోపలికి వెళ్ళింది. ఆయన నా వైపు తిరిగాడు. నేను పశువులకు న్యాయనిర్ణేతగా ఉండేవాణ్ణని మనవడు ఎప్పుడో చెప్పాడట. మీరు అన్ని మ్యాచ్‌లూ చూశారు కదా, ఈ ఇద్దరిలో మీరైతే ఎవరిని ముందు పెడతారని అడిగాడు. మనవడు ఆ ప్రశ్న నాకు తెలుగులో చెప్పి, నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ అబ్బాయేనండీ ముందు," అన్నాను. "మావాడిదేముంది, ఏదో ఆడతాడు."

వాడు జర్మన్‌లో చెప్పాడు. నేనన్నదాని కంటే పొట్టిగా ఉన్నట్టనిపించింది. ఆయన వాణ్ణి చూశాడు, నన్ను చూశాడు, రాసుకున్నాడు. అప్పుడు కూడా ఆ బంగారం మాట రాలేదు.

సోమవారం వాళ్ళ జట్టు కోచ్ మా అల్లుడికి ఫోన్ చేశాడు. ఇంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా, కుర్రాడు హాకీ ఆడటం మీకు ఇష్టం లేదా అని అడిగాడట. ఆ స్కౌట్‌కి అలా అనిపించిందట. తల్లీ తాతా ఇద్దరూ కుర్రాడిలో లోపాలే చెప్పారు, ఇంట్లో వాడి వెనక నిలబడేవాళ్ళు ఉన్నారా అని ఆయన సందేహం. ఇలాంటివి కూడా రాసి పంపుతారని కోచ్ అన్నాడు.

ఆ సాయంత్రం వంటగదిలో మాటలు పెరిగాయి.

"గట్లెందుకు చెప్పినవ్?" అన్నాడు అల్లుడు. "లేవడని, మాట వినడని? వాడు రోజు అయిదింటికి లేస్తడు కదా."

"మరేం చెప్పాలండీ? మా వాడంతటివాడు లేడని నేనే డప్పు కొట్టుకోవాలా?"

"ఆఫీసు ఇంటర్వ్యూల నీ గురించి నువ్వు చెప్పుకోలేదా?"

"అది నా గురించి. వీడు నా కొడుకు."

అల్లుడు నా వైపు తిరిగి, "మిమ్ముల ఏమనను గని మామయ్యా..." అని అక్కడితో ఆపాడు. అనేస్తేనే బాగుండేది. నాకు ఇంకా మేం చేసిన తప్పేమిటో పూర్తిగా బోధపడలేదు. ఆ స్కౌట్ పునుగులు ఇంకో విడత అడిగి తిన్నాడు. వాడి వెనక నిలబడేవాళ్ళు లేని ఇంట్లో అన్ని పునుగులు ఎవరు వేస్తారు?

మనవడు ఇంకో సంగతి చెప్పాడు. బేకరీ ఆయన తన కొడుకు గురించి పుట్టుకతోనే నాయకుడని చెప్పాడట. తన కొడుకు వేసిన గోల్స్‌లో సగం మా వీధిలోని ఆ సన్నటి కుర్రాడి పుణ్యమేనని కూడా చెప్పాడట. మా వాడికి ఆ రోజు దక్కిన ఒకే ఒక మంచిమాట బేకరీలో దక్కింది.

అమ్మాయి రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగింది. స్కౌట్‌కి ఫోన్ చేసి సరిచెయ్యాలని. ఏం చెప్పాలో జర్మన్‌లో లోపల లోపల అనుకునేది, సగంలో ఆపేది. "మా వాడు చాలా మంచివాడు అని ఫోన్ చేసి ఎలా చెప్పేది నాన్నా, సిగ్గుగా ఉంది" అంది. చివరికి చెయ్యలేదు. చెయ్యమని నేనూ అనలేకపోయాను.

మనవడు మామూలుగానే తిరిగాడు. నాతో మాత్రం మాట తగ్గించాడు. ఆఖరి మ్యాచ్ రోజున తల్లిదండ్రులిద్దరికీ వీలు కాలేదు. నేనూ వాడూ రైల్లో బయలుదేరాం. వాడి సంచీ నాకంటే పొడుగు, దాన్ని మా ఇద్దరి మధ్య నిలబెట్టుకున్నాం. రెండు స్టేషన్లు దాటాక అడిగాడు.

"తాతా, ఆ రోజు చెప్పింది ఎర్లిష్ చెప్పావా? లేకపోతే మమ్మీ చెప్పినట్టు ఊరికేనా?"

నిజంగా అనడానికి వాడు ఆ జర్మన్ మాటే వాడతాడు.

"తెలియదురా," అన్నాను.

"తెలియదంటే ఎట్లా? నువ్వే కదా చెప్పింది."

అది నిజమే. చెప్పింది నేనే. కాని ఆ మాట న్యాయనిర్ణేత అన్నాడా, తాత అన్నాడా? పొగుడుకోకూడదని అన్నానా, అదే నా వరసా? ఆలోచించిన కొద్దీ చిక్కు ముదిరింది. బేకరీ వాళ్ళబ్బాయే ముందని నేను నిజంగా అనుకున్నా, మా వాడే ముందని అనుకున్నా, ఆ పెద్దమనిషికి నా నోటి నుంచి వచ్చేది ఒకే మాట. రెండిటికీ ఒకే మాట ఉన్నప్పుడు అది నిజమో మర్యాదో చెప్పినవాడికే తెలియకుండా పోతుంది. ఇన్నేళ్ళ డైరీల్లో ఇలాంటి ఇబ్బంది ఎక్కడా తగల్లేదు. పశువుల దగ్గర మర్యాద పాటించాల్సిన అవసరం రాలేదు కదా.

ఇదంతా వాడికి చెప్పడానికి ప్రయత్నించాను. సగం అర్థమైంది. "అయితే ఇవాళ నన్ను మనవడిలాగా చూడకు" అన్నాడు. "కోడెలాగా చూడు. కావాలంటే పళ్ళు చూపిస్తా."

నిజంగానే నోరు తెరిచి చూపించాడు. ఎదురుగా కూర్చున్న ఆవిడ పుస్తకంలోంచి తలెత్తి మమ్మల్నిద్దర్నీ చూసింది.

"ఆట అయ్యాక వరస చెప్పాలి. మైకులో చెప్పినట్టు, కారణాలతో," అన్నాడు.

సరేనన్నాను.

ఆ రోజు డైరీ తీసుకెళ్ళలేదు. పెన్ను కూడా జేబులోంచి తియ్యలేదు. బరి పక్కన నిలబడ్డప్పుడు నేనెప్పుడూ రాసుకునేవాణ్ణి కాదు. ఇద్దరినీ చూశాను. జట్టు గెలిచిందో ఓడిందో అక్కడ ఉన్నంతసేపూ గుర్తులేదు, తర్వాత ఎవరో చెప్పారు, ఓడిందట. వాడు స్నానం చేసి తడి జుట్టుతో బయటికొచ్చాడు. బేకరీ వాళ్ళబ్బాయి తండ్రి కారులో రమ్మంటే, మేం రైల్లోనే వస్తామన్నాడు. ప్లాట్‌ఫారం మీద సంచీ దించి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అక్కడ ఇంకెవరూ లేరు.

"మొదటి స్థానం బేకరీ వాళ్ళబ్బాయికి," అన్నాను. గొంతు పెద్దదైంది, అలవాటు కొద్దీ. "ఎముక బలం ఉంది, గోడ దగ్గర నిలబడగలడు. అలిసిపోయాక కూడా మొదట్లో ఉన్నట్టే ఉన్నాడు. రెండో స్థానం నీకు. మూడో భాగంలో నీ కాళ్ళు బరువెక్కాయి. ఒంట్లో కండ ఇంకా పట్టలేదు. నువ్వు పాలపళ్ళు, వాడు రెండు పళ్ళు. వచ్చే ఏడాది ఏమవుతుందో చెప్పడం నా పని కాదు, ఇవాళ నిలబడ్డదాన్ని బట్టి ఇదీ వరస."

వాడు తలాడించాడు. ముఖం చిన్నబోతుందేమోనని చూశాను. చిన్నబోలేదు.

"ఓకే," అన్నాడు. "ఇది నమ్ముతా." తర్వాత, "రెండోదానికి మంచిది ఏం చెప్పవా? మైకులో?" అన్నాడు.

చెప్పాలి. రెండో స్థానం ఇచ్చినదానికి ఉన్న మంచి గుణం కూడా చెప్పడం పద్ధతిలో భాగమే. లేకపోతే దాన్ని అసలు వరసలో ఎందుకు పెట్టావని రైతు అడుగుతాడు. కాని ఎదురుగా నిలబడ్డది మా అమ్మాయి కొడుకు. నోట్లోకి వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఏ రైతు గిత్తకీ ఇలా జరగలేదు. రైలు వస్తున్నట్టు బోర్డు మీద చూపించింది. అది వచ్చే లోపల చెప్పాలనిపించింది.

"బిళ్ళ నీ దగ్గరికి రాక ముందే నువ్వు భుజం మీంచి వెనక్కి చూస్తావు," అన్నాను. "ప్రతిసారీ. బాగా అలిసిపోయినప్పుడు కూడా. మంచి గిత్త చెవి ఎప్పుడూ వెనక ఉన్న మనిషి మీద ఉంటుంది. వాడికి ఆ చెవి లేదు. నీకుంది."

వాడు సంచీ ఎత్తుకున్నాడు. రైలెక్కాక సంచీ మీద చెయ్యేసి పడుకున్నాడు. దిగాల్సిన స్టేషన్లో నేనే లేపాను. లేపితే తప్ప లేవడని మా అమ్మాయి చెప్పింది అంత అబద్ధమేమీ కాదు.

నా మనసు తేలికపడిన మాట నిజమే, కాని సందేహం తీరలేదు. ఆ చెవి అంత పెద్ద గుణమైతే వాడికి మొదటి స్థానం ఎందుకివ్వలేదని మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ నన్ను నేనే అడుక్కున్నాను.

జూన్ చివర్లో డ్రాఫ్ట్ జరిగింది. మొదటి రోజు పిలిచేవి పెద్ద పెద్ద పేర్లు, వాటితో మాకు పనిలేదు. రెండో రోజు అక్కడ మొదలయ్యేసరికి మాకు సాయంత్రమైంది. బేకరీ వాళ్ళు ముగ్గురూ బ్రెట్సెల్ రొట్టెల బుట్టతో మా ఇంటికే వచ్చారు. అమ్మాయి పులిహోర చేసింది. కుర్రాళ్ళిద్దరూ సోఫాలో, మేమందరం వెనక కుర్చీల్లో. టీవీలో పేరు పిలుస్తారు, ఒక ఫోటో వస్తుంది, పోతుంది. రెండు వందల పైచిలుకు పేర్లు. నాలుగో విడతలో బేకరీ వాళ్ళబ్బాయి పేరు వచ్చింది. మా వాడే ముందు లేచి వాణ్ణి కౌగిలించుకున్నాడు. వాడి తల్లి ఏడ్చింది. పిలిచింది మా ఇళ్ళకు వచ్చిన ఆ స్కౌట్ క్లబ్బు కాదు, మేమెప్పుడూ మనిషిని చూడని ఇంకేదో క్లబ్బు. ఆ స్కౌట్ క్లబ్బు అదే విడతలో ఎవరో స్వీడన్ కుర్రాణ్ణి తీసుకుంది.

ఆ తర్వాత అందరం మా వాడి పేరు కోసం చూశాం. పేర్లు అయిపోయాయి. మా వాడి పేరు రాలేదు.

అల్లుడు టీవీ కట్టేశాడు. మా మాటల వల్ల పోయిందా? ఆ స్కౌట్ మా వాణ్ణి తీసుకోలేదు, మేం పొగిడిన బేకరీ వాళ్ళబ్బాయినీ తీసుకోలేదు. వాణ్ణి తీసుకున్నవాళ్ళు మా మాట వినలేదు, మా పునుగులు తినలేదు. ఇళ్ళల్లో మాటలు కూడా రాసి పంపుతారని అన్న కోచ్ తర్వాత అల్లుడితో, ఇళ్ళల్లో మాటలు ఎవరూ పట్టించుకోరన్నాడు. అప్పుడు చెప్పింది నిజమో, ఓదార్పుగా చెప్పిన ఇది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. మా వాడి పేరు వచ్చే ఏడాది మళ్ళీ పిలవవచ్చట. పిలవకపోవచ్చు కూడానట.

బేకరీ ఆయన లేచి మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, మీ అబ్బాయి లేకపోతే మా వాడి పేరు ఇవాళ వచ్చేది కాదన్నాడు. అది అల్లుడు నా చెవిలో చెప్పాడు. మా అమ్మాయి నోరు విప్పింది. ఏం రాబోతోందో నాకు తెలుసు: అయ్యో, మావాడిదేముందండీ. సోఫాలోంచి మనవడు తలెత్తి తల్లిని చూశాడు. ఆమె ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది. తర్వాత జర్మన్‌లో చిన్న ముక్క ఒకటి అంది.

"ఏమంది?" అని అల్లుణ్ణి అడిగాను.

"'మా వాడు ఈ ఏడు చానా మంచిగ ఆడిండు' అన్నది," అన్నాడు.

ఆ మాట అన్నదన్నమాటే గాని మా అమ్మాయికి స్థిమితం లేకుండా పోయింది. బేకరీ దంపతులిద్దరూ వెళ్ళిపోయాక వంటగదిలోంచి గుప్పెడు రాళ్ళ ఉప్పు తెచ్చింది. ఇద్దర్నీ సోఫాలో కదలకుండా కూర్చోమని ఇద్దరికీ కలిపే దిష్టి తీసింది. బేకరీ వాళ్ళబ్బాయి తల వంచుకుని కూర్చుని, ఇదేమిటని మా వాణ్ణి అడిగాడు. మా వాడు ఏదో చెప్పాడు, ఇద్దరూ నవ్వారు. నవ్వకూడదని ఆమె ఇద్దర్నీ కసిరింది. ఉప్పు నీళ్ళలో కలిపి సింకులో పోసింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళిద్దరూ సైకిళ్ళ మీద వ్యాయామానికి బయలుదేరారు. నేను బాల్కనీలో నిలబడ్డాను. ఒకే క్లబ్బు జాకెట్లు, ఒకేలాంటి హెల్మెట్లు. వంతెన దాకా పోయేసరికి ముందున్నది ఎవరో, వెనకున్నది ఎవరో నాకు తెలియలేదు.

"వాడు హెల్మెట్ పెట్టుకున్నాడా నాన్నా?" అని లోపలి నుంచి అమ్మాయి అడిగింది.

"ఇద్దరూ పెట్టుకున్నారు," అన్నాను.